తనిఖీ ద్వారము వద్ద బారు

ఆడ్రియాటిక్ సముద్రతీరమున పూర్వము రగూసా అను చిన్న నగరరాజ్యము ఉండెడిది. క్రొయేషియా దేశములోని నేటి డుబ్రోవ్నిక్ నగరమే అది. 1377వ సంవత్సరమున ఆ నగరపాలకులు ఒక శాసనము చేసిరి. ప్లేగు వ్యాపించిన ప్రాంతములనుండి వచ్చువారు నేరుగా నగరములో ప్రవేశింపరాదు. సమీపమున నిర్ణయించిన చోట ఒక నెల దినములు విడిగా ఉండి, ఆ తరువాత మాత్రమే లోనికి రావలెను. 1423లో వెనిస్ నగరమువారు ప్లేగు రోగుల కొరకు ఒక ద్వీపముమీద ప్రత్యేకముగా ఆసుపత్రి నెలకొల్పిరి. కాలక్రమమున నెల గడువు నలుబది దినములాయెను. ఇటాలియను భాషలో నలుబది అను అర్థమిచ్చు మాటనుండియే క్వారంటైను అను పదము పుట్టినది.

ఈ ఏర్పాటులో మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. తనిఖీ ఎక్కడ జరుగవలెను, నగరములోనా, వెలుపలనా? ఒకేసారి పది ఓడలు వచ్చినచో వానినన్నిటిని నిలుపుటకు చోటు చాలునా? తనిఖీ చేయువాడే జబ్బుపడినచో ఓడలను లోనికి విడువవలెనా, ఆపివేయవలెనా? ఆరువందల సంవత్సరముల తరువాత కంప్యూటరు ఇంజనీర్లకు ఈ మూడు ప్రశ్నలే ఎదురైనవి. ఓడలకు బదులు ఫైళ్లు, రేవుకు బదులు ఫైలు సర్వరు, ప్లేగుకు బదులు వైరసు వచ్చినవి. అనుమానపు ఫైలును వేరుగా బంధించి ఉంచుటకు వారు పెట్టుకొన్న పేరు కూడ క్వారంటైనే.

ఉమ్మడి బీరువా

ఒక కార్యాలయములో వందమంది పనిచేయుచున్నారనుకొందము. ప్రతివారి బల్లమీదను ఒక కంప్యూటరు కలదు. ఎవరి కాగితములు వారి కంప్యూటరులోనే ఉన్నచో, ఒకరు వ్రాసిన లెక్క మరియొకరికి కావలసినప్పుడు చిక్కు వచ్చును. అందుచేత అందరి ఫైళ్లను ఒక పెద్ద యంత్రములో భద్రపరచి, ఎవరికి కావలసినది వారు తమ బల్లవద్దనుండియే తెరచి చూచుకొనునట్లు ఏర్పాటు చేయుదురు. ఆ యంత్రమే ఫైలు సర్వరు. అది కార్యాలయమంతటికి ఉమ్మడి బీరువా వంటిది.

అయస్కాంతపు పూత పూసిన పళ్లెములమీద సమాచారమును దాచు మొదటి వాణిజ్య డిస్కు యంత్రమును ఐ.బి.ఎం. సంస్థ 1956లో తెచ్చెను. అందులో ఏబది పళ్లెములుండెను. అన్నిటిలోను కలిపి ఏబది లక్షల అక్షరములు మాత్రమే పట్టెడివి. 1980 తరువాత చిన్న కంప్యూటర్లు వ్యాపించుటతో ఉమ్మడి బీరువాల అవసరము పెరిగెను. నోవెల్ సంస్థ 1983లో నెట్‌వేర్‌ను, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతిని తెచ్చినవి. ఐ.బి.ఎం.లో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించిన ఎస్.ఎం.బి. అను మరియొక పద్ధతిని మైక్రోసాఫ్ట్ వారు పెంపొందించి విండోస్ యంత్రములలో వాడిరి. 1992లో స్థాపింపబడిన నెట్‌యాప్ సంస్థ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫైళ్లను దాచి ఇచ్చుట తప్ప వేరే పనియేదియు చేయని ప్రత్యేక యంత్రములను అమ్మసాగెను. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దాని ప్రయోజనము ముందు తెలియగలదు.

అంటువ్యాధి వచ్చిన తీరు

తనవంటి యంత్రమును తానే తయారుచేసికొను యంత్రము సాధ్యమా అను ప్రశ్నను గణితవేత్త జాన్ ఫాన్ న్యూమన్ 1949లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున ఇచ్చిన ఉపన్యాసములలో చర్చించెను. అది అప్పటికి కేవలము సిద్ధాంతము. 1971లో అమెరికాలోని బి.బి.ఎన్. సంస్థలో బాబ్ థామస్ అను ఇంజనీరు ఆర్పానెట్ అను తొలినాటి నెట్‌వర్కుమీద ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకిపోవు ప్రోగ్రామును వ్రాసెను. దానికి క్రీపర్ అని పేరు. దానిని వెదకి తుడిచివేయుటకు రే టామ్లిన్‌సన్ రీపర్ అను మరియొక ప్రోగ్రామును వ్రాసెను. రోగము పుట్టిన కొలది కాలమునకే మందు పుట్టినదన్నమాట. 1982లో రిచ్ స్క్రెంటా అను పదునైదేండ్ల విద్యార్థి ఆపిల్ యంత్రముల డిస్కులద్వారా వ్యాపించు ఎల్క్ క్లోనర్‌ను వేడుకకు వ్రాసెను.

దీనిని శాస్త్రవిషయముగా పరిశీలించినవాడు ఫ్రెడ్ కోహెన్. అతడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో విద్యార్థిగా ఉండగా 1983 నవంబరులో ఒక వాక్స్ కంప్యూటరుపై ప్రయోగము చేసి చూపెను. అయిదుమారులు ప్రయత్నింపగా, ప్రతిమారును గంటలోపలనే ఆ ప్రోగ్రాము యంత్రముపై సర్వాధికారమును సంపాదించెను. వైరసు అను పేరును సూచించినది అతని గురువు లెన్ ఏడిల్‌మన్. 1986లో లాహోరు నగరమునందలి ఇద్దరు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను వైరసు ఫ్లాపీ డిస్కులద్వారా ఖండములు దాటెను. దానితో వైరసు ప్రయోగశాలనుండి బజారుకు వచ్చినది.

1984లో ప్రకటించిన తన వ్యాసములో కోహెన్ ఒక విచిత్రమైన ఫలితమును నిరూపించెను. ఏ ప్రోగ్రామునైనను చూచి, ఇది వైరసా కాదా అని ఎన్నడును పొరబడక చెప్పగల పరీక్షా ప్రోగ్రాము ఉండుట అసంభవము. దీని తర్కము తరగతిలో చెప్పదగినంత తేలికైనది. అట్టి పరీక్షా ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. ఒక తుంటరి ఈ విధముగా ప్రోగ్రాము వ్రాయును: "నేను వైరసునా అని ముందుగా ఆ పరీక్షకునే అడుగుదును. అవునన్నచో ఊరకుందును, కాదన్నచో వ్యాపింతును." పరీక్షకుడు అవునన్నను తప్పే, కాదన్నను తప్పే. కాబట్టి అట్టి పరీక్షకుడు ఉండజాలడు. 1936లో ఎలన్ ట్యూరింగ్ కంప్యూటర్ల పరిమితులనుగూర్చి నిరూపించిన సిద్ధాంతమునకు ఇది దగ్గర చుట్టము.

పరిపూర్ణమైన తనిఖీ లేదని తెలిసినంత మాత్రమున తనిఖీ మానలేము. ఉన్నంతలో మంచి తనిఖీని, ఉన్నంత శక్తితో, ఆలస్యము లేకుండ చేయుటయే మిగిలిన మార్గము. ఇక్కడినుండి సమస్య తర్కమునుండి లెక్కలోనికి దిగినది.

ఆనవాళ్ల వేట

దొంగను పట్టుటకు పోలీసులు ఆనవాళ్లను చూతురు. ప్రతి వైరసులోను దానికే ప్రత్యేకమైన కొన్ని సంకేతముల వరుస ఉండును. అదియే దాని ఆనవాలు. తనిఖీ ప్రోగ్రాము ఫైలును మొదటినుండి చివరివరకు చదివి, తన పట్టికలోని ఆనవాళ్లలో ఏదైనను కనబడునేమో చూచును. 1990 ప్రాంతమున తెలిసిన వైరసులు వందలలో ఉండెను. నేడు అట్టి హానికర ప్రోగ్రాములు కోట్లలో ఉన్నవి. ఒక్కొక్క ఆనవాలు కొరకు ఫైలును ఒక్కొక్కమారు చదువవలసివచ్చినచో పని ఎన్నటికిని తెమలదు.

ఈ చిక్కునకు విరుగుడు వైరసులు పుట్టకముందే సిద్ధమై ఉండెను. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్‌ఫ్రెడ్ ఏహో, మార్గరెట్ కోరసిక్ అనువారు 1975లో ఒక పద్ధతిని ప్రచురించిరి. వారి ఉద్దేశము గ్రంథసూచికలలో పెక్కు మాటలను ఒకేసారి వెదకుట. ఉదాహరణకు 'రామాయణము', 'మాయ' అను రెండు మాటలను ఒక గ్రంథములో వెదకుచున్నామనుకొందము. 'రామాయ' వరకు చదువగానే, మొదటి మాటలో సగము దొరకినదని తెలియును. రెండవ మాట పూర్తిగా దొరకినదనియు అదే క్షణమున తెలియును. తరువాతి అక్షరము 'ణ' కాకపోయినను వెనుకకు పోయి మరల చదువనక్కరలేదు. ఇట్లు మాటలన్నిటిని ముందుగా ఒక చెట్టువలె అల్లి ఉంచుకొన్నచో, గ్రంథమును ఒక్కమారు చదువుటతో వెదకుట ముగియును. క్లామ్‌ఏవీ వంటి తనిఖీ ప్రోగ్రాములు నేటికిని ఈ పద్ధతిని వాడుచున్నవి.

అయినను ఒక్కమారైనను చదువక తప్పదు గదా! సెకనుకు నూరు మెగాబైట్ల చొప్పున చదువు యంత్రమునకు పది టెరాబైట్ల ఫైళ్లను చూచుటకు ఒక లక్ష సెకనులు పట్టును. అనగా సుమారు ఇరువదియెనిమిది గంటలు. రాత్రి పనివేళ ముగిసిన తరువాత మొదలుపెట్టినచో మరునాటి రాత్రికి గాని తెమలదు. ఈలోగా కొత్త ఫైళ్లు వచ్చి చేరుచునే ఉండును.

కాపలా ఎక్కడ?

మొదటి దినములలో తనిఖీ ప్రోగ్రామును ఎవరి కంప్యూటరులో వారే ఉంచుకొనెడివారు. ఆనవాళ్ల కొత్త పట్టిక ఫ్లాపీ డిస్కుమీద అప్పుడప్పుడు వచ్చెడిది. ఆ డిస్కును పెట్టుట ఒక్కరు మరచినను ఆ కంప్యూటరు తలుపు తెరచిన ఇల్లే. ఇట్టి యంత్రమునుండి ఒక రోగపు ఫైలు ఉమ్మడి బీరువాలోనికి పోయినచో, దానిని తెరచిన ప్రతివారికి రోగము సోకవచ్చును. 2001 సెప్టెంబరు 18న బయటపడిన నిమ్డా అను వైరసు ఈ ప్రమాదమును ప్రపంచమునకు తెలిపినది. అది ఉత్తరములద్వారా, వెబ్‌సైట్లద్వారా వ్యాపించుటయే గాక, అందరికి తెరచియున్న ఉమ్మడి ఫోల్డర్లలో తన ప్రతులను జారవిడిచినది.

కాపలావానిని బీరువా వద్దనే నిలుపవలెనను ఆలోచన సహజముగా కలిగెను. సాధారణ విండోస్ కంప్యూటరునే సర్వరుగా వాడువారికి ఇది సులభము. తనిఖీ ప్రోగ్రామును అందులోనే పెట్టవచ్చును. నెట్‌యాప్ వంటి సంస్థల ప్రత్యేక యంత్రములలో అది సాధ్యము కాలేదు. ఫైళ్లను అందించుటకు తప్ప వేరొకదానికి పనికిరాని విధముగా వాని లోపలి ఏర్పాటు ఉండుటచే, బయటివారి ప్రోగ్రాములు అందులో నడువవు. పైగా ఫైళ్లను వేగముగా అందించవలసిన యంత్రమునకు తనిఖీ భారము కూడ మోపినచో దాని వేగము తగ్గును.

కావున వెనిస్ వారి ఉపాయమే ఇక్కడను పనికివచ్చెను. తనిఖీని రేవు వెలుపల వేరొక ద్వీపముమీద పెట్టిరి. ఒక ఉద్యోగి ఫైలును తెరువగోరినప్పుడు, సర్వరు ఆ కోరికను ఒక క్షణము నిలిపి, పక్కనున్న తనిఖీ యంత్రమునకు కబురు పంపును. అది ఆ ఫైలును తెప్పించుకొని చదివి, మంచిదని చెప్పినచో సర్వరు ఉద్యోగికి ఫైలును ఇచ్చును. ఫైలులో మార్పులు చేసి మూసినప్పుడును ఇట్లే తనిఖీ జరుగును. ఇందులో ఒక చిన్న చమత్కారము కలదు. తనిఖీ యంత్రము కూడ ఆ ఫైలును సర్వరునుండియే తెరువవలెను గదా! ఆ తెరచుటకు కూడ తనిఖీ కోరినచో, తనిఖీకి తనిఖీ, దానికి మరల తనిఖీ, ఇట్లు అంతులేకపోవును. అందుచేత తనిఖీ యంత్రమునకు మాత్రము ప్రశ్నింపకుండ పోనిచ్చు ప్రత్యేక ద్వారమును ఏర్పరచిరి.

ఎన్.ఎఫ్.ఎస్. తొలి రూపములలో ఫైలును తెరచుట, మూయుట అను మాటలే లేవు. ఫలానా చోటనుండి ఇన్ని అక్షరములు చదువుము, వ్రాయుము అని మాత్రమే అడుగుదురు. తెరచుట లేనిచోట ఏ క్షణమున తనిఖీ చేయవలెను? ఈ కారణముచేత ఇట్టి తనిఖీ విండోస్ వారి ఎస్.ఎం.బి. పద్ధతితోనే ఎక్కువగా ముడివడినది.

టెలిఫోను ఇంజనీరు లెక్క

ద్వారమువద్ద కాపలావాడు నిలిచినంతనే అక్కడ బారు ఏర్పడును. ఎందరు కాపలావారు కావలెను? ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్లకంటె ఎంతో ముందుగా డెన్మార్కు దేశమున దొరకినది. కోపెన్‌హేగన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, ఊరివారి టెలిఫోను పిలుపులకు ఎన్ని లైన్లు చాలునో లెక్కించుటకు పూనుకొని, 1909లో తొలి వ్యాసమును, 1917లో తన ప్రసిద్ధ సూత్రములను ప్రచురించెను. 1961లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లిటిల్ మరియొక సులభ సూత్రమును నిరూపించెను. ఒక చోటనున్న వారి సగటు సంఖ్య, సెకనుకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు అక్కడ ఉండు కాలముచేత గుణించిన లబ్ధమునకు సమానము.

ఈ సూత్రములను మన సర్వరుకు అన్వయించి చూతము. ఉద్యోగులు సెకనుకు అరువది ఫైళ్లను తెరచుచున్నారనియు, ఒక్కొక్క ఫైలు తనిఖీకి సగటున సెకనులో పదవవంతు పట్టుననియు అనుకొందము. అరువదిని పదవవంతుచే గుణించినచో ఆరు వచ్చును. అనగా ఏ క్షణమున చూచినను సగటున ఆరు ఫైళ్లు తనిఖీలో ఉండును. అట్లయిన ఆరుగురు కాపలావారు చాలుదురని తోచును. కాని చాలరు! ఫైళ్లు గడియారమువలె సమముగా రావు. ఒకప్పుడు గుంపుగా వచ్చును, ఒకప్పుడు రావు. ఖాళీగా పోయిన క్షణము తిరిగిరాదు, గుంపుగా వచ్చినవి మాత్రము బారులో నిలుచును. ఆరుగురే ఉన్నచో బారు హద్దు లేకుండ పెరిగిపోవును.

ఎర్లాంగ్ సూత్రముతో లెక్కింపగా ఈ ఫలితములు వచ్చును. ఏడుగురున్నచో ఒక్కొక్క ఫైలు సగటున సెకనులో వేయింట 61 వంతుల కాలము బారులో నిలుచును. ఎనిమిదిమంది ఉన్నచో అది 18 వంతులకు దిగును. పదిమంది ఉన్నచో మూడు వంతులకు లోపే. ఒక్క కాపలావానిని చేర్చుటతో నిరీక్షణము మూడింట ఒక వంతునకు తగ్గుట గమనింపదగినది.

దీనికి మూలమైన నియమమును ఒకే కాపలావాడు ఉన్న సందర్భమున సులభముగా చూడవచ్చును. వచ్చువారి రాక, ఒక్కొక్కరికి పట్టు కాలము క్రమము లేనివైనప్పుడు, అతడు తన కాలములో సగము పనిలో ఉన్నచో ఒక్కొక్క ఫైలుకు పట్టు మొత్తము కాలము, బారు లేనప్పటికంటె రెండింతలగును. నూటికి 80 పాళ్లు పనిలో ఉన్నచో అయిదింతలు, 90 పాళ్లయిన పదింతలు, 95 పాళ్లయిన ఇరువదింతలు. యంత్రము ఖాళీగా ఉండుట నష్టమని తలచి దానిని నిండుగా వాడజూచిన లెక్కలవాడు, తెలియకయే ఉద్యోగులందరిని బారులో నిలబెట్టుచున్నాడు. కొంత ఖాళీ ఉండుట దుబారా కాదు. అదియే వేగమునకు మనమిచ్చు వెల.

ఇక ఉదయము పదిగంటలు కొట్టినది. అందరు ఒక్కసారి వచ్చి కూర్చుండిరి. సెకనుకు అరువదికి బదులు నూటయిరువది ఫైళ్లు రాసాగినవి. పదిమంది కాపలావారు సెకనుకు నూరు ఫైళ్లను మాత్రమే చూడగలరు. సెకనుకు ఇరువది చొప్పున బారు పెరుగును. అయిదు నిమిషములలో ఆరువేల ఫైళ్లు నిలిచిపోవును. అప్పుడు వచ్చిన ఫైలు ఒక నిమిషము ఆగవలెను. అంతసేపు జవాబు రానిచో ఉద్యోగి కంప్యూటరు మరల అడుగును. ఆ రెండవ కోరిక కూడ బారులో చేరును. ఇట్లు బారే బారును పెంచును.

చేసిన పని మరల చేయకుండుట

కాపలావారిని పెంచుచు పోవుట ఒక మార్గము. పనిని తగ్గించుకొనుట అంతకంటె చవకైన మార్గము. నిన్న తనిఖీ చేసిన ఫైలు నేటికిని మారకున్నచో దానిని మరల చదువనేల? సర్వరు ప్రతి ఫైలుపై ఒక తనిఖీ ముద్ర వేసి ఉంచును. మార్పు జరిగిన వెంటనే ఆ ముద్ర చెరగిపోవును. పై ఉదాహరణలో అరువది ఫైళ్లలో ఏబదింటికి ముద్ర ఉన్నచో, తనిఖీకి పోవలసినవి పది మాత్రమే. ఆరుగురి పని ఒక్కరి పని అగును.

తనిఖీ యంత్రములకు, వానిని పిలుచు యంత్రములకు మధ్య మాటలాడుకొను ఒక ఉమ్మడి భాషను 2003 ఏప్రిల్‌లో ప్రచురించిరి. దాని పేరు ఐకాప్. మొదట వెబ్ పేజీల తనిఖీకి పుట్టిన ఈ భాషను పిమ్మట సన్ సంస్థవారి సొలారిస్ వంటి ఫైలు సర్వర్లలోను వాడిరి. బారు సమస్యను ఎరిగినవారే దీనిని వ్రాసిరని చదివినవారికి తెలియును. తాను ఒకేసారి ఎన్ని కోరికలను భరింపగలదో తనిఖీ యంత్రము ముందుగానే చెప్పుటకు ఇందులో ఏర్పాటు కలదు. ఫైలు మొదటి భాగమును మాత్రము పంపి, ఇంతటితో చాలునా, తక్కినది కూడ పంపవలెనా అని అడుగవచ్చును. ఫైలు మంచిదైనచో దానినంతటిని తిరిగి పంపక, మార్పు లేదు అను ఒక్క మాటతో సరిపెట్టవచ్చును. తీగెలమీద రాకపోకలు కూడ శక్తిలో భాగమే గదా! సెకనుకు ఒక గిగాబిట్ మోయు తీగెమీద ఏబది మెగాబైట్ల ఫైలు పోవుటకే సెకనులో పదింట నాలుగు వంతులు పట్టును.

ఆ భాషలోనే మరియొక సూక్ష్మమైన అంశము కలదు. ప్రతి జవాబుతోను తనిఖీ యంత్రము ఒక గుర్తును పంపును. ఆనవాళ్ల పట్టిక మారినప్పుడు ఆ గుర్తును మార్చుకొనును. పాత గుర్తుతో వేసిన ముద్రలన్నియు అప్పుడు చెల్లనివగును. ఇది న్యాయమే, నిన్నటి పట్టికలో లేని వైరసు నేటి పట్టికలో ఉండవచ్చును. కాని దీని ఫలితమును చూడుడు. ఒకప్పుడు అరుదుగా మారిన పట్టిక పిమ్మట వారమునకు, తరువాత దినమునకు, నేడు దినమునకు పెక్కుమారులు మారుచున్నది. మారిన ప్రతిమారును ముద్రలన్నియు చెరగి, ఒక్కరి పని మరల ఆరుగురి పని అగును. ఉదయము పదిగంటలకు పట్టిక మారినచో పైన చెప్పిన తుపాను తప్పదు. రోగమును త్వరగా గుర్తించవలెనను శ్రద్ధయే ద్వారమువద్ద రద్దీకి కారణమగుచున్నది. అందుచేత తెలిసిన నిర్వాహకులు పట్టిక మార్పును, మొత్తము తనిఖీని రద్దీ లేని వేళలకు సర్దుదురు. తనిఖీ అక్కరలేని రకముల ఫైళ్లను జాబితా వేసి మినహాయింతురు. ఆ మినహాయింపులు పెరిగినకొలది వైరసు దాగుటకు చోటు పెరుగుననుట మరువరాదు.

అగ్గిపెట్టెలో చీర

అగ్గిపెట్టెలో పట్టు చీర నేయుట మన నేతగాండ్ర నేర్పు. కంప్యూటరులో కూడ పెద్ద ఫైలును కుదించి చిన్న కట్టగా చేయుదురు. కట్టను తనిఖీ చేయవలెనన్నచో విప్పక తప్పదు. దీనిని ఆసరా చేసికొని కొందరు దుష్టులు ఒక ఎత్తు వేసిరి. 42.జిప్ అను పేరుగల ఫైలు పరిమాణము సుమారు 42 కిలోబైట్లే. అది కట్టలో కట్టగా అమర్చబడినది. పూర్తిగా విప్పినచో నాలుగున్నర పెటాబైట్లగును. అనగా నలుబదియైదు లక్షల గిగాబైట్లు! ఇందులో ఆనవాలు పట్టదగిన వైరసేదియు లేదు. కాపలావానిని ఊపిరాడకుండ చేయుటయే దాని పని.

అందుచేత తనిఖీ ప్రోగ్రాములకు హద్దులు పెట్టిరి. ఇన్ని పొరలకు మించి విప్పరాదు, ఇంత పరిమాణమునకు మించి చదువరాదు, ఇంత కాలమునకు మించి ఆగరాదు. హద్దు దాటిన ఫైలును ఏమి చేయవలెను? చూడని దానిని మంచిదనుట ఎట్లు? చెడ్డదనుట ఎట్లు? ఇది మనలను చివరి ప్రశ్నకు తెచ్చుచున్నది.

కాపలావాడు పలుకనప్పుడు

రాత్రి రెండు గంటలవేళ ఒక ఆసుపత్రిలో వైద్యునికి రోగి ఎక్స్‌రే చిత్రము కావలెననుకొందము. అది ఫైలు సర్వరులో ఉన్నది. తనిఖీ యంత్రము చెడిపోయి జవాబు చెప్పుటలేదు. సర్వరు ఫైలును ఇయ్యవలెనా, మానవలెనా? ఇచ్చినచో ఆ సందున వైరసు జొరబడవచ్చును. మానినచో రోగి ప్రాణమునకు ముప్పు రావచ్చును. సర్వరు తయారుచేసినవారు ఈ నిర్ణయమును తాము చేయలేదు. తనిఖీ తప్పనిసరియా, కాదా అని నిర్ణయించు ఒక మీటను అమర్చి, దానిని నిర్వాహకుని చేతికిచ్చిరి. వేతనముల లెక్కలు ఉన్నచోట తలుపు మూయుట మేలు కావచ్చును. ప్రాణములతో పని ఉన్నచోట తెరచుట మేలు కావచ్చును. యంత్రము చెడిన తరువాత ఆలోచించుటకు వ్యవధి ఉండదు. ముందుగానే ఆలోచించి మీటను పెట్టవలెను.

ఆ మీట అవసరము రాకుండ చూచుట ఇంకను మేలు. రెండు తనిఖీ యంత్రములున్నవనియు, ఒక్కొక్కటి తన శక్తిలో నూటికి అరువది పాళ్లు పనిచేయుచున్నదనియు అనుకొందము. చూచుటకు అంతయు క్షేమముగానే ఉన్నది. ఒకటి చెడగానే రెండవదానిపై నూటికి నూటయిరువది పాళ్ల భారము పడును. అనగా అదియు పడిపోవును. రెండు యంత్రములున్నచోట ఒక్కొక్కటి సగమునకు లోపు, మూడు ఉన్నచోట మూడింట రెండు వంతులకు లోపు పనిచేయునట్లు చూచుకొన్నప్పుడే రెండవ యంత్రము నిజముగా తోడు అగును. నాలుగు యంత్రములైన ఎంతయో విద్యార్థులు తామే లెక్కించి చూడవచ్చును.

కాపలావాడు తప్పుగా పలుకుటయు కలదు. 2010 ఏప్రిల్ 21న ఒక తనిఖీ ప్రోగ్రామునకు వచ్చిన కొత్త ఆనవాళ్ల పట్టికలో పొరబాటు దొర్లి, విండోస్‌కు ప్రాణాధారమైన ఒక ఫైలునే వైరసుగా భావించి బంధించెను. పెక్కు దేశములలో కంప్యూటర్లు మరల మరల ఆగి మొదలగుచు పనికిరాకుండ పోయెను. కొత్త పట్టికను ముందుగా ఒకటిరెండు యంత్రములలో పరీక్షించి, పిమ్మట అన్నిటికి పంపు ఆచారము ఎంత అవసరమో ఆనాడు బోధపడెను.

కాపలావానికి కనబడని శత్రువులును కలరు. 2017 మే 12న వ్యాపించిన వానాక్రై, విండోస్ వారి పాత ఎస్.ఎం.బి.లోని ఒక లోపముద్వారా యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి, ఫైళ్లను సంకేతలిపిలోనికి మార్చి, విడుదలకు పైకము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడ దీని వాత పడినట్లు పత్రికలు ప్రకటించెను. ఆ లోపమును సరిచేయు సవరణ రెండు నెలల క్రితమే వెలువడియుండెను. ఇట్టి ప్రోగ్రాము ఒక ఉద్యోగి కంప్యూటరులో నడచుచు ఉమ్మడి బీరువాలోని ఫైళ్లను చెరచునప్పుడు, ద్వారమువద్ద కాపలావానికి కనబడునది అర్థముకాని అక్షరముల గుంపు మాత్రమే. అందులో ఆనవాలు ఉండదు. అందుచేత సవరణలను ఎప్పటికప్పుడు వేసికొనుట, ఫైళ్ల నకళ్లను వేరొకచోట దాచుట తనిఖీతోపాటు చేయవలసిన పనులు.

రగూసా పాలకులకు ప్లేగు ఎట్లు వచ్చునో తెలియదు. ఆ రోగపు సూక్ష్మజీవిని కనుగొనుట 1894 వరకు జరుగలేదు. అయినను వారు ఓడలను ఎక్కడ ఆపవలెనో, ఎంతకాలము ఆపవలెనో ముందుగా ఆలోచించి, శాసనముగా వ్రాసి పెట్టిరి. కోహెన్ నిరూపించినట్లు నేటి కాపలావాడు కూడ అన్ని వైరసులను ఎన్నటికిని గుర్తింపలేడు. అతనికి ఎంత పని అప్పగింపవలెనో, అతడు పలుకనినాడు తలుపు తెరచి ఉంచవలెనో మూయవలెనో ముందుగా నిర్ణయించుట మాత్రము మన చేతిలోని పని.